నిద్రమాత్ర ఎవరికి పనిచేస్తుందో ముందే చెప్పగలమా?

మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చిన రోగికి కల్చర్ పరీక్ష చేయిస్తే, ఆ సూక్ష్మజీవి ఏ యాంటీబయాటిక్‌కు లొంగుతుందో, దేనికి లొంగదో కాగితం మీద వరుసగా వచ్చేస్తుంది. నిద్ర పట్టడం లేదని వచ్చిన రోగి విషయంలో అలాంటి కాగితమేదీ లేదు. జోల్పిడెమ్ రాయాలా, క్లోనజెపామ్ రాయాలా, అసలు మాత్రే వద్దా అన్న నిర్ణయం రోగి చెప్పిన నాలుగు మాటల మీద, వైద్యుడి అలవాటు మీద, పక్కనున్న మందుల షాపులో ఏది దొరుకుతుందన్న దాని మీద నడిచిపోతోంది. ఒక జిల్లా కేంద్రంలో మానసిక వైద్యుడిగా పనిచేస్తున్న నాకు "ఈ గోలీ ఏసుకుంటే నిద్ర పడతదా సార్?" అన్న ప్రశ్న దాదాపు ప్రతి ఓపీలోనూ ఎదురవుతుంది. ఆ ప్రశ్నకు వైద్యశాస్త్రం ఈనాడు ఎంతవరకు జవాబు చెప్పగలదో రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. మాత్ర వల్ల మేలు ఎవరికి కలుగుతుందో చెప్పడంలో మనం ఇంకా తొలి మెట్ల దగ్గరే ఉన్నాం. కీడు ఎవరికి జరుగుతుందో చెప్పడంలో మాత్రం చాలా ముందుకు వచ్చాం. ఈ రెండో జ్ఞానాన్ని ఓపీ గదిలో తగినంతగా వాడుకోవడం లేదన్నదే నా బాధ.

వారానికి కనీసం 3 రాత్రుల చొప్పున, 3 నెలలకు తగ్గకుండా నిద్ర పట్టకపోవడమో, మధ్యలో తెగిపోవడమో, తెల్లవారకముందే మెలకువ వచ్చేయడమో ఉండి, దాని వల్ల పగటి జీవితం దెబ్బతింటున్నప్పుడు దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటాం. జోల్పిడెమ్, ఎస్జోపిక్లోన్ వంటి మాత్రల మీద జరిగిన 13 పరీక్షల సమాచారాన్ని, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు కంపెనీలు సమర్పించిన కాగితాల నుంచి తీసి, కలిపి చూసిన ఒక విశ్లేషణ 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ల్యాబ్‌లో యంత్రాలతో కొలిచినప్పుడు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారి కంటే అసలు మాత్ర వేసుకున్నవారికి సగటున 22 నిమిషాలు ముందుగా నిద్ర పట్టింది. ఎంతసేపటికి నిద్ర పట్టిందో రోగులే అంచనా వేసి చెప్పినప్పుడు ఆ తేడా 7 నిమిషాలకు తగ్గిపోయింది. అసలు మాత్ర వేసుకున్నవారిలో కనిపించిన మెరుగుదలలో దాదాపు సగం ఉత్తుత్తి మాత్రతో కూడా వచ్చింది.

ముందే చెప్పడం ఎందుకంత కష్టమో ఈ చివరి మాటలోనే ఉంది. నిద్రలేమి ఏటి నీటిలా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, బాగా పెరిగిన వారంలోనే మనిషి ఆసుపత్రికి వస్తాడు. ఆ వారం గడిచాక ఏ మందూ లేకపోయినా కొంత తగ్గి ఉండేది. వైద్యుడు ఓపికగా విన్నాడన్న ధైర్యం, చేతిలో మందు ఉందన్న నమ్మకం కూడా తమ వంతు పని చేస్తాయి. కాబట్టి "ఈ మాత్రతో నాకు తగ్గింది" అని ఒకరు చెప్పినప్పుడు, తగ్గింది మాత్ర వల్లనా, మాత్రతో పాటు వచ్చిన మిగతావాటి వల్లనా అన్నది ఆ ఒక్క మనిషిని చూసి తేల్చలేం. మనకు కావలసిన జోస్యం "ఇతనికి తగ్గుతుందా" అన్నది కాదు, "మాత్ర లేకుండా తగ్గే దానికంటే మాత్రతో ఎక్కువ తగ్గుతుందా" అన్నది. మొదటిదాన్ని చెప్పడం రెండోదాని కంటే ఎంతో సులువు. ఈ రెండింటినీ కలిపేసి రాసిన పరిశోధన వ్యాసాలు చాలానే నా కంటపడ్డాయి.

కెనడాలోని లావాల్ విశ్వవిద్యాలయం, అమెరికాలో డెన్వర్‌లోని నేషనల్ జ్యూయిష్ హెల్త్ కలిసి 211 మంది మీద చేసిన ఒక పరీక్ష 2020లో వెలువడింది. కొందరికి ముందుగా జోల్పిడెమ్ ఇచ్చారు, మిగతావారికి పడక మీద గడిపే సమయాన్ని నియంత్రించడం వంటి ప్రవర్తనా చికిత్స ఇచ్చారు. స్పందించినవారు మాత్రతో 49.7 శాతం, ప్రవర్తనా చికిత్సతో 45.5 శాతం. అంటే ఏ దారిలో మొదలుపెట్టినా దాదాపు సగం మందికి గుణం కనిపించలేదు. మొదటి చికిత్స చాలనివారికి రెండోది ఇచ్చి చూసినప్పుడు, ప్రవర్తనా చికిత్సతో మొదలుపెట్టినవారిలో స్పందన గణనీయంగా పెరిగింది. జోల్పిడెమ్‌తో మొదలుపెట్టినవారిలో అలా పెరగలేదు. ఎవరు ఏ సగంలో పడతారో ముందే చెప్పగల సూచిక ఒక్కటి దొరికినా ఎందరికో నెలల తరబడి బాధ తప్పుతుంది.

అయితే చికిత్స గదిలో ఒక రకమైన జోస్యం మాత్రం నేటికీ గట్టిగా చెప్పవచ్చు. నిద్రలేమిలా కనిపించే వేరే జబ్బు ఉన్నచోట నిద్రమాత్ర పనిచేయదు. వివరాలు మార్చి ఒక ఉదాహరణ చెబుతాను. నలభై ఏళ్ళు దాటిన ఒక మహిళ భర్తతో కలిసి వచ్చింది. మాట్లాడింది అంతా అతనే: "రాత్రంతా నిద్ర పోదు సార్, ఇప్పటికి మూడు రకాల గోలీలు వాడినం, దేనితోటీ తగ్గలే." ఆమె వైపు తిరిగి, "పడుకున్నాక కాళ్ళు ఎట్లుంటయమ్మా?" అని అడిగాను. ఆమె వెంటనే, "పిక్కలల్ల ఏదో పాకినట్టుంటది సారూ, గుంజుకపోతయి. లేచి నాలుగడుగులు ఏస్తెనే నిమ్మలం. మళ్ళ పండుకుంటే మళ్ళ అదే" అంది. కాళ్ళ కోసం లేస్తోందని భర్తకు కూడా తెలియదు, బాత్రూముకు లేస్తోందని అనుకున్నాడు. రక్తపరీక్షలో శరీరంలోని ఇనుము నిల్వను చెప్పే ఫెర్రిటిన్ బాగా తక్కువగా వచ్చింది. స్థిమితం లేని కాళ్ళ జబ్బుకు, ఇనుము లోపానికి దగ్గరి సంబంధం ఉంది. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 5 చెబుతోంది. ఈ నేపథ్యంలో నిద్రమాత్ర రాసే ముందు కాళ్ళ గురించి ఒక్క ప్రశ్న అడగకపోవడాన్ని నేను ఒప్పుకోలేను. కుంగుబాటుకు ఇచ్చే కొన్ని మందులు ఈ కాళ్ళ బాధను ఇంకా పెంచుతాయి కూడా. నిద్ర కోసమని వాటిని తక్కువ మోతాదులో రాసే అలవాటు మనలో ఉంది కాబట్టి ఈ సంగతి ప్రత్యేకంగా చెబుతున్నాను.

గురక విషయమూ ఇంతే. నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడుతున్న మనిషికి మెలకువ రావడం శరీరం చేసుకుంటున్న ఆత్మరక్షణ. అతనికి క్లోనజెపామ్ వంటిది ఇస్తే గొంతు కండరాలు మరింత సడలిపోవచ్చు, మెలకువ రావడం ఆలస్యం కావచ్చు. మెడ లావుగా ఉండి, రక్తపోటు అదుపులో లేకుండా, పగలు కూర్చున్నచోటే కునికే మనిషి "నిద్ర పట్టడం లేదు" అన్నప్పుడు, రాయవలసింది మాత్ర కాదు, నిద్రలో ఊపిరి ఎలా ఆడుతోందో కొలిచే స్లీప్ స్టడీ.

ఇవి తీసివేసి, మిగిలింది నిద్రలేమే అని తేలాక, రాత్రిలో ఏ భాగం చెడిందన్నది మరో సూచిక. జోల్పిడెమ్ అర్ధాయువు, అంటే రక్తంలో దాని పరిమాణం సగానికి పడిపోవడానికి పట్టే సమయం, సుమారు రెండున్నర గంటలు. పడుకున్న వెంటనే నిద్ర రాని మనిషికి ఇది సరిపోవచ్చు. పదింటికి పడుకుని మూడింటికి లేచి కూర్చునే మనిషికి మూడింటికల్లా ఆ మాత్రలో మిగిలేది తక్కువ. 3, 6 మి.గ్రా. మోతాదుల్లో డాక్సెపిన్‌ను అమెరికాలో 2010లో నిద్ర కోసం ఆమోదించింది ఈ రెండో బాధకే. రాత్రి చివరి భాగంలో నిద్రను నిలబెట్టడంలో దాని ప్రభావం కనిపించింది. సువోరెక్సాంట్, లెంబోరెక్సాంట్, డారిడోరెక్సాంట్ అనే కొత్త తరం మందులు మెదడును మత్తులో ముంచకుండా, మెలకువను నిలబెట్టే ఒరెక్సిన్ సంకేతాన్ని అడ్డుకుంటాయి. వీటిలో మొదటిది 2014లో, చివరిది 2022లో అమెరికాలో ఆమోదం పొందాయి. ఆలోచనలు ఆగక, ఒళ్ళు అలిసినా మెదడు అలిసిపోని మనుషులకు ఇవి బాగా పనిచేయాలని సిద్ధాంతం సూచిస్తుంది. అది రుజువైందని మాత్రం నేను రోగికి చెప్పను.

ఇక కీడు సంగతి. ఇక్కడ మన జ్ఞానం ఎంత స్పష్టంగా ఉందో చెప్పడానికి జోల్పిడెమ్ చరిత్ర చాలు. ఆ మందు 1992లో అమెరికాలో ఆమోదం పొందింది. ఆడవారికైనా మగవారికైనా 10 మి.గ్రా. రాయడం ఇరవై ఏళ్ళు సాగింది. 2013 జనవరిలో ఎఫ్‌డీఏ మహిళలకు మోతాదును 5 మి.గ్రా.కు తగ్గించమంది. కారణం ఏమిటంటే, 10 మి.గ్రా. వేసుకున్న 8 గంటల తరువాత కూడా, కారు నడపడానికి ఆటంకం కలిగించేంత మందు సుమారు 15 శాతం మహిళల రక్తంలో మిగిలి ఉంది. మగవారిలో అలా మిగిలింది సుమారు 3 శాతం మందికే. ఒక్క రక్త నమూనాతో తెలిసిపోయే విషయాన్ని గుర్తించి మోతాదు మార్చడానికి ఇరవై ఏళ్ళు పట్టిందంటే, ఆ ఇరవై ఏళ్ళలో పొద్దున్నే మత్తు వదలక పనికి వెళ్ళిన మహిళల గురించి ఆలోచించకుండా ఉండలేను. మన దగ్గర ఇప్పటికీ ఆడవారి చీటీల మీద 10 మి.గ్రా. కనిపిస్తూనే ఉంది. పొద్దున ఐదింటికి లేచి పొయ్యి దగ్గర నిలబడే మనిషికి, స్కూటీ మీద పిల్లలను బడిలో దింపే మనిషికి ఆ మిగిలిన మత్తు చిన్న విషయం కాదు.

వేళ, తిండి కూడా లెక్కలోకి వస్తాయి. భోజనం చేసిన వెంటనే జోల్పిడెమ్ వేసుకుంటే రక్తంలో దాని గరిష్ఠ స్థాయి సుమారు 25 శాతం తగ్గుతుంది, ఆ స్థాయికి చేరే సమయం 1.4 గంటల నుంచి 2.2 గంటలకు పోతుంది. మన ఇళ్ళలో రాత్రి తొమ్మిదిన్నరకు కడుపు నిండా అన్నం తిని, మంచినీళ్ళతో పాటే గోలీ మింగి పడుకుంటారు. గంట గడిచినా నిద్ర రాకపోతే "ఇది పనిచేయట్లేదు" అని ఇంకోటి మింగేవారు ఉన్నారు. మాత్ర పనిచేయదని రోగి నమ్మిన ఎన్నో సందర్భాల్లో నేను మొదట అడిగేది, భోజనం ఎన్నింటికి చేశారు, గోలీ ఎన్నింటికి వేసుకున్నారు అన్నదే.

ఇంకా బలమైన సూచిక రోగి వాడుతున్న ఇతర మందుల్లో ఉంటుంది. క్షయకు వాడే రిఫాంపిసిన్ కాలేయంలోని ఎంజైములను రెచ్చగొట్టి, జోల్పిడెమ్ మొత్తం ప్రభావాన్ని 70 శాతానికి పైగా తగ్గించేస్తుంది. టీబీ మందులు వాడుతున్న మనిషికి ఆ మాత్ర పనిచేయదని జాతకం చూడకుండానే చెప్పవచ్చు. దీనికి ఎదురుగా, కీటోకోనజోల్ వంటి ఫంగస్ మందులు అదే మాత్రను రక్తంలో ఎక్కువసేపు నిలబెడతాయి. ఆందోళనకు, నిద్రకు రాసే డయజెపామ్‌ను ఒంట్లో విరగ్గొట్టే ఎంజైముల్లో సీవైపీ2సీ19 ఒకటి. ఈ ఎంజైము జన్యువు ఆంధ్ర, తమిళనాడు, కర్ణాటక, కేరళ ప్రజల్లో ఎలా ఉందో పుదుచ్చేరిలోని జిప్‌మర్ పరిశోధకులు ఇరవై ఏళ్ళ క్రితమే పరిశీలించారు. ఈ ఎంజైము సరిగా పనిచేయనివారు యూరప్ ప్రజల్లో కంటే మన దక్షిణాదివారిలో ఎక్కువ. అలాంటి మనిషి ఒంట్లో డయజెపామ్ చాలాకాలం నిలిచిపోతుంది. గుండె రోగులకు రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ రాసేటప్పుడు కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో ఇదే జన్యువును పరీక్షిస్తున్నారు. ఆ రిపోర్టు ఇంట్లో ఉన్నవారు డయజెపామ్ రాయించుకునే రోజున దాన్ని వెంట తీసుకురావచ్చన్న ఆలోచన ఎవరికీ రావడం లేదు, అడిగేవారూ లేరు.

తెలంగాణలో పనిచేసే వైద్యుడు మరో ప్రశ్న కూడా అడగాలి, అది కల్లు గురించి. ఇక్కడ కల్తీ కల్లులో ఆల్ప్రజోలామ్, డయజెపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తునిచ్చే మందులు కలుపుతారన్నది అందరికీ తెలిసిన విషయమే. 2015లో కల్తీ మీద దాడులు పెరిగి సరఫరా తగ్గినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఎందరో వణుకుతో, మూర్ఛలతో, పొంతన లేని మాటలతో ఆసుపత్రుల పాలయ్యారు. రోజూ సాయంత్రం అలాంటి కల్లు తాగే మనిషి మెదడు ఏళ్ళ తరబడి ఆ మందులకు అలవాటు పడి ఉంటుంది. అతనికి 0.25 మి.గ్రా. ఆల్ప్రజోలామ్ ఇచ్చి నిద్ర వస్తుందని ఆశించడం వ్యర్థం. అతను కల్లు మానేసిన రెండో రోజు వచ్చి నిద్ర లేదంటే, అది నిద్రలేమి కాదు, కల్లులో కలిపిన ఆ మందులు ఒక్కసారిగా ఆగిపోవడం వల్ల వచ్చిన ప్రమాదకర స్థితి. "కల్లు తాగుతారా?" అన్న ప్రశ్నకు సిగ్గుపడి లేదంటారు. "కల్లు దొరకని రోజు నిద్ర పడుతుందా?" అని అడిగితే నిజం బయటపడుతుంది. పరదేశంలో తయారైన ఏ ప్రశ్నావళిలోనూ ఈ ప్రశ్న ఉండదు.

వృద్ధుల విషయంలో కీడు, మేలు పక్కపక్కన పెట్టి చూసిన అంకెలు ఉన్నాయి. అరవై ఏళ్ళు దాటినవారికి నిద్రమాత్రల మీద జరిగిన పరీక్షలను కలిపి 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, ఒక్కరికి నిద్ర మెరుగుపడాలంటే 13 మందికి మాత్ర ఇవ్వాలి. 6 మందికి ఇస్తే చాలు, ఒకరికి ఏదో ఒక దుష్ప్రభావం వస్తుంది. క్లోనజెపామ్ అర్ధాయువు 30 నుంచి 40 గంటలు. నిన్న రాత్రి వేసుకున్న మాత్ర మిగిలి ఉండగానే ఈ రాత్రి మరొకటి చేరుతుంది. అర్ధరాత్రి బాత్రూముకు లేచిన తాతగారు తడి గచ్చు మీద పడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాక, ఆ చీటీని మళ్ళీ తీసి చూసేవారు తక్కువ.

మేలును ముందే పసిగట్టే ప్రయత్నాల్లో నాకు ఎక్కువ ఆశ కలిగించింది నెదర్లాండ్స్ పరిశోధన. టెస్సా బ్లాంకెన్, యూస్ వాన్ సోమెరెన్ బృందం 4 వేలకు పైగా వ్యక్తుల సమాచారాన్ని పరిశీలించి 2019లో నిద్రలేమిని ఐదు రకాలుగా విడదీసింది. విశేషమేమిటంటే, వారు నిద్ర లక్షణాలను బట్టి విడదీయలేదు. మనిషి స్వభావాన్ని, సంతోషానికి స్పందించే తీరును, జీవితంలోని ఒడిదుడుకులకు నిద్ర ఎంత చెదురుతుందన్న దాన్ని బట్టి విడదీశారు. సగటున 4.8 ఏళ్ళ తరువాత మళ్ళీ చూస్తే ఎక్కువమంది అదే రకంలో ఉన్నారు. ఆ రకాల్లో రెండింటివారికి బెంజోడయజెపైన్‌లతో, అంటే డయజెపామ్, క్లోనజెపామ్ కోవ మందులతో, మేలు కనిపించింది, మరో రకంవారికి కనిపించలేదు. పెన్సిల్వేనియాలో వ్గోంట్జాస్ బృందం వేరే గీత గీసింది: యంత్రంతో కొలిచినప్పుడు 6 గంటల కంటే తక్కువ నిద్రపోయే నిద్రలేమి రోగులు ఒక వర్గం, కొలిస్తే సరిపడా నిద్ర కనిపించినా నిద్ర లేదని బాధపడేవారు మరొక వర్గం. మొదటి వర్గానికి రక్తపోటు, మధుమేహం ముప్పు ఎక్కువ, వారికి మందులే ఎక్కువ అవసరం కావచ్చని వారి వాదన. తరువాత వచ్చిన పరీక్షల ఫలితాలు అన్నీ దీన్ని బలపరచలేదు. అయినా ఈ రెండు ప్రయత్నాలూ మాత్రను చూడడం మాని మనిషిని చూశాయి, అందుకే వాటిని గౌరవిస్తాను.

కంప్యూటర్‌కు వేల మంది రోగుల సమాచారం నేర్పి జోస్యం చెప్పించే పద్ధతుల గురించి యువ వైద్యులు ఉత్సాహంగా అడుగుతుంటారు. ఆ ఉత్సాహం మంచిదే. కానీ అలాంటి ఏ నమూనాను చూసినా మూడు సంగతులు వెతకాలి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారు అందులో ఉన్నారా? నేర్చుకున్న ఊరు కాక మరో ఊరి రోగుల మీద దాన్ని పరీక్షించారా? కుంగుబాటు, నొప్పులు, మద్యం ఉన్నవారిని ముందే తీసివేశారా? మూడో దానికి జవాబు అవునైతే, మా ఓపీ ముందు బెంచీ మీద కూర్చున్నవారిలో చాలామంది ఆ నమూనాకు తెలియని మనుషులే. మన రోగుల మీద, మన తిండి వేళల మధ్య, మన జన్యువులతో, ఉత్తుత్తి మాత్రతో పోల్చి చేసిన పరీక్షలు కావాలి.

అవి వచ్చేవరకు చేయగలిగిన పని ఒకటి ఉంది, ఒక్కో రోగి మీద జాగ్రత్తగా కొలిచి చూడడం. మాత్ర మొదలుపెట్టే ముందు రెండు వారాలు నిద్ర డైరీ రాయిస్తాను. చదువు రానివారికి ఇంట్లో పిల్లలు రాస్తారు. ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నిసార్లు లేచారు, ఎన్నింటికి మంచం దిగారు అన్న మూడు గడులు చాలు. ఏడు ప్రశ్నల నిద్రలేమి సూచికలో 28కి ఎంత వచ్చిందో రాసుకుంటాను. ఆ సూచికలో 6 పాయింట్లకు తక్కువ తగ్గితే అది రోగి జీవితంలో తేడాగా లెక్కకు రాదు. 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ చెప్పినట్టు తొలి చికిత్స మందు కాదు, నిద్ర అలవాట్లను, ఆలోచనలను సరిదిద్దే సీబీటీ-ఐ. జిల్లాల్లో దాన్ని చేసేవారు దాదాపు లేరు కాబట్టి, అందులోని ముఖ్యమైన భాగాలను నేనూ మా నర్సూ కలిసి నేర్పుతాం. మాత్ర తప్పనిసరైతే తక్కువ మోతాదులో, ఆపవలసిన తేదీని చీటీ మీదే రాసి ఇస్తాను. నెల తరువాత డైరీని, సూచికను పక్కపక్కన పెట్టి రోగితో కలిసి చూస్తాను. మార్పు లేకపోతే మోతాదు పెంచను, ఆ మందును క్రమంగా తగ్గించి ఆపుతాను. ఆల్ప్రజోలామ్, డయజెపామ్, జోల్పిడెమ్ 2014 మార్చి నుంచి హెచ్1 షెడ్యూలులో ఉన్నాయి. వాటిని అమ్మిన ప్రతిసారీ రోగి పేరు, రాసిన వైద్యుడి పేరు మందుల షాపు రిజిస్టరులో ఎక్కాలి. పాత చీటీ మీద నెలల తరబడి అవే గోలీలు ఇస్తున్న షాపువారిని నేను స్వయంగా వెళ్ళి కలుస్తాను, ఎందుకంటే ఆపిన తేదీ తరువాత ఆ మందు మళ్ళీ దొరికితే మేం కలిసి చూసిన డైరీకి విలువ ఉండదు.